వరుసకు లేబిలు చూడుడు

బెజవాడ సత్యనారాయణపురములో మా యింటికి మూడవ యిల్లు మామయ్యగారిది. ఆయన నాకు బంధువు కారు. వీధి వీధియంతయు మామయ్యగారనియే పిలుచుట చేత ఆ పిలుపు నాకును అంటుకొన్నది. రేడియో కేంద్రములో ముప్పదియొక్క యేండ్లు టేపులను కోయుచు, కోసినవానిని అతుకుచు కాలము గడపి, టేపులును బ్లేడులును లోకమునుండి నిష్క్రమించు వేళకు తామును ఉద్యోగమునుండి నిష్క్రమించిన మనిషి. ఆయన మేనల్లుడు లాస్ ఏంజెలిస్ నగరమునకు దక్షిణమున ఒక పేటలో కాపురముండి రెండేండ్లకొకసారి సంక్రాంతికి వచ్చును. వచ్చినప్పుడెల్ల అత్తయ్యగారికి బాదముపప్పును, మామయ్యగారికి ఒక వివాదమును పెట్టెలో సర్దుకొని తెచ్చుట అతని యాచారము. ఈ యేటి వివాదము ఒక పాటల రికార్డును గూర్చినది. ఆ రికార్డు వెలువడవలసిన కాలమున వెలువడలేదు. వెలువడవలసిన రూపమున ఎన్నడును వెలువడలేదు. ముక్కనుమ నాటి సాయంకాలము అరుగు మీద దానిని గూర్చి ఆ యిరువురకును జరిగిన సంభాషణమును, కాఫీకి తప్ప నోరు తెరువని శ్రోతనై, నేను వింటిని.

మేనల్లుడు మొదట ఫోనులో ఒక ఛాయాచిత్రమును చూపెను. అది ఆ రికార్డు అట్టకు వెనుకవైపు.

మామయ్య: పన్నెండు పేర్లవలె కనబడుచున్నవి. వాని దగ్గర ఏవో సన్నని అక్షరములు కలవు. కళ్లజోడు లోపలనున్నది, నీవే చదువుము.

మేనల్లుడు: పాటల సరియైన వరుసకు లేబిలు చూడుడని వ్రాసియున్నది, మామయ్యా.

మామయ్య: చక్కగానున్నది. ఆ లేబిలు చూపుము.

మేనల్లుడు: లేబిలు లేదు. రికార్డే లేనిది లేబిలెక్కడిది? అట్టలు మాత్రము నాలుగు లక్షలకు పైబడి అచ్చువేసి కాపిటల్ కంపెనీ వారు గోదాములో పేర్చియుంచిరి. అట్టతోపాటు బొమ్మల పుస్తకమును అచ్చైనది. 1966 డిసెంబరున రావలసినది జనవరికి, జనవరి దాటి మరియొక నెలకు జరిగి జరిగి, తుదకు 1967 మే 6వ తేదీన, ఇక రాదను వార్త లండను పత్రికలో వెలువడినది. ఆ వార్తను ప్రకటించినవాడు బృందపు ప్రచారకుడే, డెరెక్ టేలర్.

మామయ్య: పెండ్లికొడుకు కుదురక మునుపే శుభలేఖలు వేయించినట్లున్నది. ఇంతకును ఎవరి పెండ్లి ఇది?

మేనల్లుడు: బీచ్ బాయ్స్ అను బృందము. రికార్డు పేరు స్మైల్. 1961లో హాథోర్న్ అను పేటలో, మా యింటికి కారులో పావుగంట దూరమున, ముగ్గురన్నదమ్ములు కూడి పాడుట మొదలిడిరి. పెద్దవాడు బ్రయన్ విల్సన్, నడిమివాడు డెన్నిస్, చిన్నవాడు కార్ల్. వారితో ఒక స్నేహితుడు అల్ జార్డీన్, ఇంకను వారి మేనత్త కొడుకు మైక్ లవ్.

మామయ్య: మేనత్త కొడుకనగా బావ. ఇక చెప్పనక్కరలేదు, తగవు ఏ దిక్కునుండి రాగలదో తెలిసినది.

మేనల్లుడు: మీరు పరిహాసమునకు అన్నను నిజమునకు దూరముగా లేదు. సముద్రతరంగములను గూర్చియు, కార్లను గూర్చియు, ఆడపిల్లలను గూర్చియు పాడుచు ఆ కుఱ్ఱవాండ్రు దేశమంతట పేరుపడిరి. 1964 డిసెంబరున హ్యూస్టనునకు పోవు విమానములో బ్రయన్‌కు గుండె దడతో కూడిన భయావేశము వచ్చెను. ఆ పిమ్మట అతడు ఊరూర తిరుగుట మాని, మిగిలినవారు కచేరీలకు పోయినపుడు తాను స్టూడియోలో కూర్చుండి సంగీతము కూర్చుటకు నిశ్చయించుకొనెను. అతనికి కుడిచెవి చిన్ననాటినుండియు దాదాపు వినబడదు. ఒంటి చెవితో విని, పేరుమోసిన వాద్యగాండ్రను ఇరువదిమందిని ఎదుట కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కరికి ఏమి వాయింపవలెనో నోటితో పాడి చూపెడువాడు. 1966 మే నెలలో పెట్ సౌండ్స్ అను రికార్డును, ఆ యక్టోబరున గుడ్ వైబ్రేషన్స్ అను ఒక్క పాటను వెలువరించెను. ఆ యొక్క పాట మూడున్నర నిమిషములు; దానికై ఫిబ్రవరి మొదలు సెప్టెంబరు దనుక నాలుగు స్టూడియోలలో పని జరిగినది. అది దేశమంతట మొదటి స్థానమునకు చేరినది. స్మైల్ రికార్డంతయు ఆ పద్ధతిలోనే చేయవలెనని అతని సంకల్పము. అప్పటికతని వయస్సు ఇరువది నాలుగు.

మామయ్య: ఆ పద్ధతి ఏదో వివరముగా చెప్పుము. నా ఆసక్తి అందులోనున్నది, బావమరదుల తగవులో కాదు.

మేనల్లుడు: పాటను మొదటినుండి చివరివరకు ఒక్కమారు వాయించుట కాదు. పాటలోని ఒక్కొక్క ఖండమును వేరువేరు దినములలో, వేరువేరు స్టూడియోలలో, వేరువేరు వాద్యములతో పలుమారులు పట్టుకొనుట. పిమ్మట ఆ టేపు ముక్కలను కోసి, ఏది దేని ప్రక్కన నిలుచునో అతికి చూచుట. ఒక పాటకై పట్టిన ఖండము మరియొక పాటలోనికి పోవచ్చును. పల్లవి యనుకొన్నది అనుబంధము కావచ్చును.

ఈ మాటతో మామయ్యగారు కాఫీ గ్లాసు క్రింద పెట్టిరి. ఆయన ముఖమున, చిన్ననాటి ఊరి పేరు పరాయి మనిషి నోట విన్నవానికి కలుగు వెలుగు కనబడినది.

మామయ్య: ఒరేయీ, ఆ పని నేను ముప్పదియొక్క యేండ్లు చేసితినిరా. పావు అంగుళపు టేపు. సెకనుకు ఏడున్నర అంగుళములు నడచును. అనగా ఉపన్యాసకుని అరసెకను ఊపిరి దాదాపు నాలుగంగుళముల పొడవుండును. దానిని కొలిచి చేతబట్టుకొనవచ్చును. చక్రములను చేతితో ముందుకు వెనుకకు త్రిప్పుచు, హెడ్డు దగ్గర అక్షరము ఎచ్చట మొదలగునో చెవితో పట్టి, పసుపు పెన్సిలుతో గీత గీసి, గాడిలో టేపునుంచి, బ్లేడును ఏటవాలుగా దింపవలెను. నిలువుగా కోసితివా, అతుకు దగ్గర టక్కుమని వినబడును. ఏటవాలుగా కోసినచో ఒక ధ్వని తగ్గుచుండగా ఇంకొకటి పెరిగి, అతుకు చెవికి తెలియకుండ జారిపోవును. ఆ పనిలో ఒక మదము కలదు. మందభాగ్యుడైన వక్త పదిమారులు దగ్గినను నీ బ్లేడు క్రింద అతడు వాచస్పతియగును. అందుచేత నేను నీకు ముందుగనే తీర్పు చెప్పుచున్నాను, వినుము. మీవాని రికార్డును ఆపినది బావయు కాదు, కంపెనీయు కాదు; ఆ బ్లేడు. ముక్కలు పట్టుట తెలిసినది, వరుస కట్టుట తెలియలేదు. వరుస లేనిది కృతియే కాదు. కానిదానికై అరువదియేండ్లుగా విలపించుట, పుట్టని బిడ్డకు పేరు పెట్టి తద్దినము పెట్టుట వంటిది.

మేనల్లుడు: తీర్పు తొందరపడి ఇచ్చితిరి. కారణములు వినకుండ తీర్పు చెప్పుట న్యాయస్థానమునకు తగదు. వాన్ డైక్ పార్క్స్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు పాటలకు సాహిత్యము వ్రాసెను. అమెరికా దేశపు తూర్పుతీరమునుండి పడమటి తీరమువరకు జరిగిన వలసను, రైలుమార్గములను, శైశవమును, ప్రకృతి భూతములను కలగలిపి, మాటలకంటె మాటల చప్పుడునకు ప్రాధాన్యమిచ్చి, శ్లేషల మీద శ్లేషలు పేర్చెను. కచేరీలనుండి తిరిగివచ్చిన మైక్ లవ్ ఆ మాటలకు అర్థమేమని అడిగెను. ఒక పాటలో కాకిని గూర్చిన చరణమునకు అర్థము చెప్పుమని వ్రాసినవానినే నిలదీయగా, నాకును తెలియదని అతడు బదులు చెప్పెను. కొంతకాలమునకు బృందమును విడిచిపోయెను. అదే సమయమున బృందము రావలసిన సొమ్మును గూర్చి కాపిటల్ కంపెనీ మీద దావా వేసినది. చిన్న తమ్ముడు కార్ల్ వియత్నాము యుద్ధమునకు సైన్యములో చేరుటకు నిరాకరించి ఏప్రిల్‌లో నిర్బంధితుడయ్యెను. బ్రయన్ మనస్సు నానాట చెదరుచుండెను, మత్తుపదార్థములు దానిని మరింత చెదరగొట్టెను. ఇన్ని యుండగా మీరు ఒక్క బ్లేడు మీదనే నేరము మోపుట ధర్మమా?

మామయ్య: మనస్సు చెదరినవానిని గూర్చి నేను కఠినముగా మాటలాడను; అది వేరు సంగతి. కాని మిగిలినవన్నియు ప్రతి బృందమునకు ఉండునవే. కంపెనీతో తగవు లేని గాయకుడున్నాడా? పాట మాటలకు అర్థమడుగని బావ ఉండునా? నేనడిగితిని, మన కేంద్రమునకు వచ్చిన ఒక నవ్యకవిని. ఆయనయు తెలియదనియే చెప్పెను. కార్యక్రమము మాత్రము ఆ సాయంకాలము ప్రసారమైనది.

ఇచ్చట నేనొక మాట చెప్పవలసియున్నది. మామయ్యగారి వాదములో ప్రసారమగుట యనునది పరబ్రహ్మస్థానమున నుండును. ఆరుంబావునకు కార్యక్రమమున్నచో ఆరుంబావునకు చక్రము తిరుగవలెను. అతుకు తడిగానున్నను, కళాకారుడు అలిగినను, పైకప్పు కారుచున్నను తిరుగవలెను. అట్టి క్రమశిక్షణలో జీవితము గడపినవానికి, తేదీ వచ్చి పోయినను వస్తువు రాకపోవుట పాపమువలె తోచుట సహజము. మేనల్లుడు కంప్యూటరు పనివాడు. అతని లోకములో తేదీలు జరుగుట ఋతువులు మారుట వంటిది.

మేనల్లుడు: అగ్నికథ మీకు చెప్పలేదు. భూతములను గూర్చిన ఖండములలో అగ్నికి సంబంధించినది ఒకటి. 1871లో షికాగో నగరము తగులబడినపుడు, ఒకావిడ ఆవు దీపమును తన్నుటచేత నిప్పంటుకొన్నదని అచ్చట ఒక గాథ కలదు. ఆ ఆవు పేరే ఈ ఖండమునకు పెట్టిరి. 1966 నవంబరు 28వ తేదీ రాత్రి గోల్డ్ స్టార్ స్టూడియోలో దానిని పట్టిరి. వాద్యగాండ్రందరకు పిల్లలు ఆటలాడుకొను అగ్నిమాపకుల టోపీలు పంచి, పొగవాసన ముక్కుకు తగులవలెనని ఒక తొట్టిలో చిన్న మంట పెట్టించెను. కొలది దినములలో ఆ స్టూడియో దాపున ఒక భవనము తగులబడినది. తన సంగీతమే దానిని దహించినదని బ్రయన్ భయపడి ఆ ఖండమును మూలబెట్టెను. ఆ టేపును నాశనము చేసితినని పిమ్మట చెప్పుకొన్నాడు గాని, అది చెక్కుచెదరక నిలిచియేయున్నది.

మామయ్య: నాశనము చేసితినని చెప్పి దాచుకొన్నాడా? మనవాడే. (కొంతసేపు ఊరకుండి) భూతములు ఎన్ని పట్టినాడు?

మేనల్లుడు: నాలుగే. భూమి, గాలి, నీరు, అగ్ని. వారి లెక్కలో ఆకాశము లేదు.

మామయ్య: అదియే లోపము. శబ్దము ఆకాశగుణము. ఆకాశమును విడిచి సంగీతము చేయబూనినవాని గతి అంతియే!

మేనల్లుడు: మామయ్యా, ఇది వాదము కాదు, చమత్కారము.

మామయ్య: చమత్కారమని ఒప్పుకొంటిని. ఇక వాదము చెప్పెదను. పండ్రెండు పేర్లున్నవి గదా, పండ్రెండింటిని ఎన్ని వరుసలలో పెట్టవచ్చునో నీకు లెక్క తెలిసియుండవలెను.

మేనల్లుడు ఫోను తీయకయే, 47,90,01,600 అని చెప్పెను. మామయ్యగారు ఆ యంకెను రెండవమారు చెప్పించుకొని తృప్తిగా విని తల పంకించిరి.

మామయ్య: నలుబదియేడు కోట్ల పైచిలుకు. ఇది పాటలకు మాత్రమే. పాటలోపలి ముక్కలకు లెక్క కట్టుటకు మీ యంత్రములకే తరముకాదు. ఆ యన్నింటిలో సరియైనది ఒక్కటి యేదో ఉన్నదని అట్ట మీద అచ్చువేసి, అది లేబిలు మీద చూచుకొనుడని తప్పించుకొనిరి. లేబిలు వ్రాయవలసినవాడు చేతులెత్తెను. ఇందులో మహాకావ్యము ఎచ్చటనున్నదిరా? నన్నయ అరణ్యపర్వము నడుమ ఆపెను. కాని తాను వ్రాసినంతవరకు వరుస తప్పలేదు. ఏ పద్యము తరువాత ఏ పద్యమో ఎవరికిని సందేహము లేదు. కనుకనే మూడువందల యేండ్ల తరువాత ఎఱ్ఱన వచ్చి, తెగిన దారము కొన పట్టుకొని, నన్నయ ధోరణిలో మొదలిడి తిక్కన ధోరణిలోనికి మెల్లగా ఒరిగి, ఆ మిగిలిన భాగమును పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితము చెప్పి, తన పేరును వెనుకకు తీసికొనెను. అది అతుకనగా! ఏటవాలు కోత. చిన్నయసూరి నీతిచంద్రిక రెండు భాగములతో ఆగినను వీరేశలింగముగారును కొక్కొండవారును పూనుకొనుటకు వీలైనది, ఏలయన ముందు విగ్రహము, వెనుక సంధి యని క్రమము తెలియును. మీవాని ముక్కలకు కొన యేది, మొదలేది?

మేనల్లుడు: ఎఱ్ఱనను మీరే పిలిచితిరి గనుక నేను సాక్ష్యమునకు వాడుకొందును. 2004 ఫిబ్రవరి 20వ తేదీన లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో బ్రయన్ విల్సన్ స్వయముగా, కొత్త వాద్యబృందముతో, స్మైల్ ఆద్యంతము పాడెను. డారియన్ సహనాజా అను సంగీతకారుడు పాత ముక్కలనన్నింటిని కంప్యూటరులోనికి ఎక్కించుకొని, పెద్దాయన ప్రక్కన కూర్చుండి, ఇది దీని తరువాతనా, అది దాని తరువాతనా యని అడుగుచు మూడు అంకములుగా వరుస కట్టెను. మాటలు లేని తావులకు వాన్ డైక్ పార్క్స్‌ను పిలిపించి, ముప్పదియేడేండ్ల తరువాత మాటలు వ్రాయించిరి. ఆ యేడు సెప్టెంబరున అది రికార్డుగా వెలువడినది. మీరు కోరిన లేబిలు దొరకినది గదా!

మామయ్య: దొరకినది. అయితే ఇక నీ వాదమెక్కడ? నీ ముఖము చూడగా ఆ రికార్డు నీకు నచ్చినట్లు లేదు.

మేనల్లుడు కొంత తడబడెను. నేను ఆ తడబాటును ఇచ్చట వ్రాయుటకు కారణము, అటుపిమ్మటి సంభాషణమంతయు దానినుండి పుట్టుటయే.

మేనల్లుడు: నచ్చలేదని చెప్పజాలను. లండను సభలో జనము లేచి నిలుచుండి కన్నీరు పెట్టిరి. నేను కారులో వినుచు పెట్టితిని. కాని మరల మరల వినుటకు చేయి దానివైపు పోదు. పాత ముక్కలవైపు పోవును. 1967 సెప్టెంబరున కంపెనీకి బాకీ తీర్చుటకువలె ఇంటిలోనే పట్టి స్మైలీ స్మైల్ అను చిన్న రికార్డును వెలువరించిరి. అందులో కొన్ని ముక్కలు పలుచబడి కనబడును. 1969లో ఒకటి రెండు, 1971లో సర్ఫ్స్ అప్ అను పాట, ఇట్లు తునకలు తునకలుగా బయటికి వచ్చినవి. 1993లో ఒక సంపుటమునందు సుమారు అరగంట ముక్కలు వచ్చినవి. నడుమ దొంగ టేపులు చేతులు మారినవి. విన్న ప్రతివాడును కాగితము తీసికొని తన వరుస తాను వ్రాసికొన్నాడు. నాటికి వానికి రూపము లేదు గనుక అవి ప్రతివాని చేతిలో నొక రూపము దాల్చినవి. పూర్తియైన రికార్డు కంపెనీ సొత్తు. పూర్తికానిది అందరి సొత్తు.

మామయ్య: ఇల్లు కూలిన తరువాత ఇటుకలును అందరి సొత్తే.

మేనల్లుడు: ఆ యుపమానమును మీరు తెలిసి వాడితిరో తెలియక వాడితిరో! వారు పెరిగిన ఇల్లు నిజముగనే కూలినది. సెంచురీ ఫ్రీవే అను పెద్ద రహదారికై దానిని తీసివేసిరి. 2005లో ఆ తావున ఇటుకలతో ఒక చిహ్నము కట్టిరి. నేను ఒక ఆదివారము పోయి చూచితిని. రోడ్డు చప్పుడులో నిలుచుండి, ఈ తావుననే గదా ముగ్గురు పిల్లలు ఒక గదిలో పండుకొని చీకటిలో గొంతులు కలిపిరని తలచుకొనగా, ఇల్లు అట్లే నిలిచియున్నచో నాకంత తోచియుండెడిది కాదేమో యనిపించెను.

మామయ్య: అదే నీ రోగము. నీకు ఇల్లు అక్కరలేదు, ఇల్లు లేదను బాధ కావలెను. పాట అక్కరలేదు, పాట ఏమై యుండెడిదో యను ప్రశ్న కావలెను. ఆయన బ్రతికియుండి జవాబు చెప్పగా, జవాబు నీకు చప్పగానున్నది. ముసలివాడు అరువదియొకటవయేట గుండె చిక్కబట్టుకొని వేదిక యెక్కినాడే, ఆ సాహసమునకు నీవు తలయూపి, మరల దొంగ టేపులకే పోయితివి. కృతఘ్నత కాదా?

మేనల్లుడు: కృతఘ్నత యగునేమో. కాని మీరే చెప్పుడు. లండనులో పాడిన మనిషి నన్నయయా, ఎఱ్ఱనయా?

ఈ ప్రశ్నకు మామయ్యగారు వెంటనే సమాధానము చెప్పలేదు. అరుగు చివర కోడి ఒకటి పండుగ గండము గడచిన ధీమాతో తిరుగుచుండెను; దానివైపు చూచుచు కొంతసేపుండిరి.

మామయ్య: ఎఱ్ఱనయే. అరువదియొక్కయేండ్లవాడు ఇరువదినాలుగేండ్లవానికి ఎఱ్ఱన కాక మరియేమగును? పేరొకటి, చేవ్రాలొకటి, అంతియే. గొంతు మారును, భయము మారును. నన్నయ ధోరణిలో మొదలిడినను తన ధోరణిలోనికి ఒరుగక తప్పదు. అయినను ఎఱ్ఱనను మనము తక్కువచేయలేదే?

మేనల్లుడు: తక్కువచేయుట లేదు. కాని ఎఱ్ఱన పూరణ లేని భారతము మనకు దక్కలేదు, దక్కియున్నచో ఏమనుకొందుమో తెలియదు. ఇచ్చట రెండును దక్కినవి. 2011లో కాపిటల్ వారే పాత టేపులను ఐదు సీడీలలోను, రెండు పెద్ద రికార్డులలోను పెట్టెలో పెట్టి వెలువరించిరి. ముందు 2004 నాటి వరుసను అనుసరించి ఒక కూర్పు. పిమ్మట గంటల తరబడి ముక్కలు, తప్పులు, నవ్వులు, మరల మొదలిడుటలు. ఆ పెట్టెయే మీకు తెచ్చితిని.

పెట్టె వచ్చినది. దాని పైమూత మీద, నవ్వులు అమ్ము అంగడి బొమ్మ. సీడీ ఆడించుటకు యంత్రము అత్తయ్యగారి పూజగదిలో విష్ణుసహస్రనామమునకై కేటాయింపబడియున్నందున, దానిని అరుగు మీదికి తెచ్చుటకు పది నిమిషములు పట్టినది. మొదట గుడ్ వైబ్రేషన్స్ పెట్టిరి. మామయ్యగారు కన్నులు మూసికొని వినుచుండి, నడుమ హఠాత్తుగా వ్రేలు పైకెత్తిరి.

మామయ్య: ఇచ్చట! ఇచ్చట అతుకు. విను, పై గది ప్రతిధ్వని తోక తెగిపోయి వేరు గది వచ్చినది. రెండు గదులు. దాచుటకు ప్రయత్నింపలేదు వీడు. నేనైనచో దాచియుందును. (మరల విని) దాచకపోవుటయే బాగున్నట్లున్నదే.

మేనల్లుడు: వరుస తప్పినను బాగుండునని ఒప్పుకొన్నట్లేనా?

మామయ్య: అతుకు వేరు, వరుస వేరు. తొందరపడకుము. వరుస తప్పినచో నేమగునో నాకు తెలియును. ఒకమారు ఒక భాగవతారుగారి హరికథ గంటన్నరది అరగంటకు కుదింపవలసి, ముక్కలను గోడమేకులకు వ్రేలాడదీసితిని. ఫ్యానుగాలికి రెండు ముక్కలు క్రిందపడినవి. ఏది ముందో తెలియక, గడియారము తరుముచుండగా, చేతికి వచ్చినది వచ్చినట్లు అతికితిని. పిట్టకథ అసలు ఘట్టమునకు ముందు పడినది. అట్లే ప్రసారమైనది.

మేనల్లుడు: శ్రోతలెవరైన ఉత్తరము వ్రాసిరా?

మామయ్య: ఒక్కరును వ్రాయలేదు.

మేనల్లుడు: చూచితిరా!

మామయ్య: ఏమి చూచుట? భాగవతారుగారు తరువాతి మాసము చెక్కునకు వచ్చి, సంతకము చేయుచు, తల యెత్తకయే, పిట్టకథ ముందే వచ్చినదేమి నాయనా అని అడిగి, జవాబు వినకుండ వెళ్లిపోయిరి. వేయిమంది శ్రోతలకు తెలియకపోవచ్చును, కట్టినవానికి తెలియును. మీ బ్రయన్‌కు తెలియుటచేతనే భయపడియుండును. ఆ రికార్డు ఏదో యొక వరుసలో వచ్చియున్నచో లోకము మెచ్చియే యుండెడిది, అట్టలు చెల్లియుండెడివి. తాను మాత్రము ప్రతి రాత్రియు తల యెత్తకుండ తన్ను తానే అడుగుకొనుచుండెడివాడు.

ఇట్లు చెప్పి, తాము చెప్పినది తమ తీర్పునకే విరుద్ధమని గ్రహించి కాబోలు, మామయ్యగారు మాట మార్చి అగ్నిఖండమును వినిపింపుమనిరి. అది మాటలు లేనిది. వయొలిన్ల మూలుగు, డ్రమ్ముల మోత, వాని క్రిందనుండి ఈల వంటి ఒక ధ్వని పైకి లేచి పైకి లేచి విరిగిపోవుట. మూడు నిమిషములైనను కాలేదు. వీధిలో పోవుచున్న పాలవాడు సైకిలు ఆపి ఏ యింట ప్రమాదము జరిగినదో యని తొంగిచూచెను. ఆ వెనుక, 1967 ఏప్రిల్ 25న లియొనార్డ్ బెర్న్‌స్టీన్ సమర్పించిన టెలివిజన్ కార్యక్రమములో బ్రయన్ ఒంటరిగ పియానో మీద పాడిన పాటయే ఇదియని సర్ఫ్స్ అప్ వినిపించి, పదునొకండు దినముల కంతరమున రికార్డు రద్దను వార్త వచ్చినదని మేనల్లుడు చెప్పెను. మామయ్యగారు దానికి ఏమియు అనలేదు. లేచి లోనికి పోయి, కళ్లజోడును, పాత క్యాలెండరు నుండి చించిన డిసెంబరు కాగితమును, ఒక పెన్సిలును తెచ్చుకొనిరి. ఆ పెన్సిలు పసుపుది.

మామయ్య: పేర్లు చెప్పుము. ఒక్కొక్కటిగా.

మేనల్లుడు చెప్పుచుండెను, ఆయన తెలుగులో వ్రాసికొనుచుండిరి. ప్రార్థన మొదట, అందులో సందేహము లేదనిరి. వీరులు, దుష్టులు రెండవది. పిమ్మట శైశవపు పాట నాలుగవదిగా వ్రాసి, కొట్టివేసి, ఆరవదిగా వ్రాసి, బాణపు గుర్తుతో మరల నాలుగవదానికి తెచ్చిరి. రైలు పాట ఒకచోట నిలువక మూడు గడులు మారినది. కూరగాయల పాటను వినిపించుమని, విని, నవ్వి, ఇది పిట్టకథ, దీనిని ఎచ్చట పెట్టినను ఎవరును ఉత్తరము వ్రాయరనిరి. సర్ఫ్స్ అప్ చివర ఉండవలెనని గట్టిగా గీత గీసి, రెండు నిమిషముల తరువాత ఆ గీతను చెరిపిరి. లోపలినుండి అత్తయ్యగారు అన్నము చల్లారుచున్నదని రెండుమారులు కేక వేసిరి.

మామయ్య: అగ్ని. దీనిని ఎచ్చట పెట్టుదుమురా?

మేనల్లుడు: 2004లో అగ్ని వెనుక నీటిని పెట్టిరి.

మామయ్య: అది ఎవనికైనను తోచును. నిప్పు మీద నీరు చల్లుటకు బ్రయన్ విల్సన్ ఎందుకు? (కాగితమును దూరముగా పట్టి చూచి) మొదట పెట్టిన తక్కినవన్నియు బూడిదయగును. చివర పెట్టిన, ఇదంతయు దీనికొరకేనా అనిపించును. నడుమ పెట్టిన రెండు ముక్కలగును.

మేనల్లుడు: తీసివేయుదమా? ఆయనయు తీసివేసెను గదా.

మామయ్యగారు బదులు చెప్పక, పెన్సిలును చెవి మీద నుంచుకొని, ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసికొనిరి. మూడవమారు కేక వినబడినది.

మామయ్య: వచ్చుచున్నామని చెప్పు మీ అత్తయ్యతో. ఆ యొక్కదానిని మరల పెట్టుము. ముందుదియు వద్దు, వెనుకదియు వద్దు. అది ఒక్కటే.